గేమ్ ఆడుతుంటే పీసీ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది, బ్లూ స్క్రీన్ కూడా రావట్లేదు

గోదారి_గేమర్
పిచ్చెక్కిపోతోంది. గేమ్ మధ్యలో పీసీ టక్కున ఆగిపోయి మళ్లీ దానంతటదే ఆన్ అవుతోంది. ఎర్రర్ లేదు, హ్యాంగ్ అవడం లేదు. స్క్రీన్ నల్లబడుతుంది, ఫ్యాన్లు ఆగినట్టే ఆగి మళ్లీ గిర్రున తిరుగుతాయి, కాసేపటికి విండోస్ లాగిన్ వచ్చి కూర్చుంటుంది. తేలికైన గేమ్ వాలొరాంట్ ఎంతసేపు ఆడినా ఏమీ కాదు. బరువైన గేమ్ సైబర్‌పంక్ 2077 పెడితే ఒక్కోసారి పది నిమిషాలకే పోతుంది, ఒక్కోసారి గంట దాటాక. బ్రౌజింగ్, సినిమాలు, ఆఫీసు పని అన్నీ సాఫీగానే నడుస్తున్నాయి.

కాన్ఫిగరేషన్: ప్రాసెసర్ రైజెన్ 5 5600ఎక్స్, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఆర్టీఎక్స్ 3080 10 జీబీ (సంక్రాంతికి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా), పవర్ సప్లై 650 వాట్లు బ్రాంజ్, అది పాత బిల్డ్ నుంచి ఉన్నదే. కార్డు మార్చకముందు ఈ గొడవ లేదు. కార్డే పోయిందేమో అని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్రేమ్‌రేట్_ఫణి
హీటింగ్ అయ్యుంటుంది. సీపీయూకి థర్మల్ పేస్ట్ మార్చి చూడు.

వరంగల్_వారియర్
విండోస్ ఫ్రెష్‌గా వేసెయ్ బ్రో. నాదీ ఇలాగే సతాయించింది, ఫార్మాట్ కొట్టగానే సెట్ అయింది.

సోల్డరింగ్_శీను
ఫార్మాట్ కొట్టకు తమ్ముడూ, ఆగు. విండోస్ ఏం రాసిపెట్టుకుందో ముందు చూద్దాం. ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్‌లోకి వెళ్లు. రీస్టార్ట్ అయిన టైముకి కెర్నల్-పవర్ 41 అని ఎర్రగా ఒకటి ఉంటుంది. అది చూసి కంగారు పడకు, పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం. అందులో డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ ఎంతుందో చెప్పు. సున్నా కాకుండా వేరే అంకె ఉంటే విండోస్ క్రాష్ అయి బ్లూ స్క్రీన్ వచ్చినట్టే, నీకు కనపడేలోపే రీస్టార్ట్ అయిపోయి ఉంటుంది. సున్నా ఉంటే విండోస్‌కి రాసుకునే టైము కూడా దొరకలేదన్నమాట.

పనిలో పనిగా అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ కింద ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ టిక్ తీసెయ్. నిజంగా బ్లూ స్క్రీనే అయితే ఈసారి స్క్రీన్ మీద నిలబడుతుంది.

లక్ష్మీ_బిల్డ్స్
శీను గారు చెప్పినదానికి తోడు, అదే లిస్టులో హార్డ్‌వేర్ తప్పుల్ని రాసే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ 18 ఉందేమో కూడా చూడండి. అది ఉంటే ప్రాసెసర్, ర్యామ్, వాటి వోల్టేజీల వైపు వెతకాలి. కొత్త విండోస్ 11 అప్‌డేట్లలో ఆ క్రాష్ స్క్రీన్ నీలం కాదు, నల్లగా వస్తోంది. నల్లబడింది అంటున్నారు కాబట్టి దాని మీద అక్షరాలేమైనా కనిపించాయా?

గోదారి_గేమర్
అక్షరాలేం లేవు, మానిటర్‌కి సిగ్నలే పోతోంది. చూశాను. ప్రతిసారీ కెర్నల్-పవర్ 41, బగ్‌చెక్‌కోడ్ 0. డబ్ల్యూహెచ్ఈఏ అసలు లేదు. క్రాష్ వివరాలు దాచే మినీడంప్ ఫోల్డర్ ఖాళీ. టిక్ తీసేశాక కూడా స్క్రీన్ ఆగలేదు, అలాగే రీస్టార్ట్ అయింది.

టెంపరేచర్లు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో లాగ్ పెట్టి చూశా. సీపీయూ 72 దాటలేదు. కార్డు 74, దాని మెమరీ జంక్షన్ మాత్రం 102 వరకూ వెళ్లింది.

ఫ్రేమ్‌రేట్_ఫణి
102 అంటే అదే కదా మరి! నేను చెప్పింది హీటింగేగా.

సోల్డరింగ్_శీను
ఎక్కువే, కాదనను. కానీ 3080లో ఉన్న జీడీడీఆర్6ఎక్స్ మెమరీ 110 దగ్గర స్పీడు తగ్గించుకుంటుంది. ముందు ఫ్రేమ్‌లు పడిపోవాలి. ఏ తడబాటూ లేకుండా పీసీ మొత్తం రీసెట్ అవడం దాని లక్షణం కాదు. థర్మల్ ప్యాడ్లు తర్వాత తీరిగ్గా మార్చుకోవచ్చు. బగ్‌చెక్ సున్నా, డంప్ లేదు, బరువైన గేమ్‌లోనే వస్తోంది, కార్డు మారాకే మొదలైంది. నా ఓటు పవర్‌కి.

ఇప్పుడివి చెప్పు: పీసీ గోడ సాకెట్‌కి పెట్టావా, యూపీఎస్‌కా? కార్డుకి కరెంటు ఎన్ని కేబుళ్లతో ఇచ్చావు?

బోరుమోటార్
నా అనుభవం చెప్తా. మాది నల్గొండ వైపు పల్లెటూరు. నాకు కూడా గేమ్‌లోనే రీస్టార్ట్ అయ్యేది, అదీ పొద్దున పూట మాత్రమే. ర్యామ్ మార్చా, డ్రైవర్లు మార్చా, ఏం లాభం లేదు. తీరా చూస్తే త్రీ ఫేజ్ కరెంటు ఇచ్చే టైముకి చుట్టుపక్కల బోర్లన్నీ ఒకేసారి స్టార్ట్ అవుతాయి. మల్టీమీటర్ పెట్టి చూస్తే సాకెట్‌లో 170కి పడిపోతోంది. నా పవర్ సప్లై స్టిక్కర్ మీద ఇన్‌పుట్ 200-240 అని ఉంది. 100-240 రాసున్నది పెట్టాక 170లో కూడా నిక్షేపంగా నడుస్తోంది. నీ దాని మీద ఏముందో ఒకసారి చూడు.

వరంగల్_వారియర్
@బోరుమోటార్ నీ హ్యాండిల్ ఎక్కడినుంచి వచ్చిందో ఇవాళ అర్థమైంది అన్నా 😀

గోదారి_గేమర్
శీను అన్నా, 600 వీఏ యూపీఎస్‌కి పెట్టాను, మానిటర్ కూడా దానికే. కార్డుకి ఒకటే కేబుల్, దాని చివర రెండు 8 పిన్ తలకాయలున్నాయి, రెండూ కార్డులో పెట్టేశా. బోరుమోటార్ అన్నా, స్టిక్కర్ మీద 200-240 అనే ఉంది. మా రాజమండ్రిలో మీటర్ పెడితే రాత్రిపూట కూడా 225, 230 చూపిస్తోంది.

ఓల్డ్_అసెంబ్లర్
600 వీఏ యూపీఎస్ అంటే సాధారణంగా 360 వాట్లు, ఆ డబ్బా వెనకాలే రాసుంటుంది చూడు బాబూ. నీ కార్డు ఒక్కటే 320 వాట్లు. ప్రాసెసర్‌కి ఇంకో 76, మిగతా బోర్డు, ఫ్యాన్లు, మానిటర్. ముందు దాన్ని తీసేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడు. మల్టీప్లగ్గులు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు వద్దు.

ఇంకోటి. బయోస్‌లో ‘రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ అనే సెట్టింగ్ ఎలా ఉందో చూసి రా. అది ఆఫ్‌లో ఉంటే, కరెంటు నిజంగా పోయి వచ్చినప్పుడు పీసీ ఆఫ్‌లోనే ఉండిపోవాలి, దానంతటది లేవకూడదు. సంగతి యూపీఎస్ దగ్గరా, పీసీ లోపలా అన్నది దీన్ని బట్టి కొంత తెలుస్తుంది.

గోదారి_గేమర్
ఆ సెట్టింగ్ ఆఫ్‌లోనే ఉంది సార్. నేరుగా గోడకి పెట్టాను, మళ్లీ అదే కథ. ఈసారి చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నా. పోయే క్షణంలో పవర్ సప్లై లోపల్నుంచి చిన్నగా టిక్ మని చప్పుడు వస్తోంది, క్యాబినెట్ లైట్లు ఆరి వెంటనే వెలుగుతున్నాయి.

ఓల్డ్_అసెంబ్లర్
అయితే గోడ కరెంటు పోవట్లేదు. 24 పిన్ కేబుల్‌లో ‘పవర్ గుడ్’ అనే సిగ్నల్ ఒకటి పవర్ సప్లై నుంచి బోర్డుకి వెళ్తుంది, పాత సప్లైలలో అది బూడిద రంగు వైరు. వోల్టేజీలు హద్దులో ఉన్నంతసేపే అది నిలబడుతుంది. నీలాంటి పాత సప్లైల్లో 12 వోల్టుల లైను 11.4 కంటే కిందికి పోకూడదని ఏటీఎక్స్ అనే పవర్ సప్లైల ప్రమాణం. కార్డు ఒక్కసారిగా గుంజేసరికి లైను బాగా కుంగితే ఆ సిగ్నల్ పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. రీసెట్ నొక్కితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. ఓవర్ కరెంట్ ప్రొటెక్షన్ గట్టిగా పడితే మాత్రం చాలా సప్లైలు పూర్తిగా ఆగిపోతాయి, వెనక స్విచ్ ఆపి వేస్తేగానీ లేవవు. నీది మొదటి రకంలా ఉంది.

యూపీఎస్ కారణం కాదని తేలినా దాన్ని ఈ పీసీకి మళ్లీ పెట్టకు. గేమ్ నడుస్తుండగా కరెంటు పోతే 360 వాట్ల డబ్బా ఆ బరువు మోయలేదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
రీసెట్ మాట వచ్చింది కాబట్టి, క్యాబినెట్ రీసెట్ బటన్ వైరు కూడా బోర్డు నుంచి పీకి చూడండి. మా రూమ్మేట్ పీసీలో ఆ బటన్ నొక్కుకుపోయి, సబ్‌వూఫర్ దడదడలాడినప్పుడల్లా రీస్టార్ట్ అయ్యేది. వారం పాటు ర్యామ్ మీద పడి ఏడ్చాం. ఖర్చు లేని టెస్ట్, నిమిషం పని.

గోదారి_గేమర్
పీకేశా బ్రో. తేడా లేదు.

ఫ్రేమ్‌రేట్_ఫణి
నాకొక లెక్క అర్థం కావట్లేదు. 320 ప్లస్ 76, మిగతావన్నీ కలిపి యాభై వేసుకున్నా 450 దాటట్లేదు. 650 ఉండగా ఎందుకు చాలదు? షాపులో కూడా ఇదే లెక్క చెప్పి అమ్ముతారుగా. పైగా కార్డుకి ఫుల్ లోడు ఇచ్చే ఫర్‌మార్క్ టెస్ట్ పెట్టి అరగంట వదిలెయ్, పాసైతే పవర్ సప్లై ఓకే అన్నట్టే.

గోదారి_గేమర్
ఫర్‌మార్క్ నిన్ననే పెట్టా, పాసయ్యింది. అందుకే నాకూ అనుమానం.

లక్ష్మీ_బిల్డ్స్
450 అనేది సగటు ఫణి గారూ. పెళ్లి భోజనాలకి పొద్దుటినుంచి గంటకెంతమంది వచ్చారని సగటు తీసి విస్తళ్లు వేస్తే కుదరదు, తాళి కట్టగానే ఒక్కసారిగా పంక్తిలో కూర్చునేవాళ్లని లెక్కెయ్యాలి. 3080 లాంటి కార్డులు మిల్లీసెకన్ల పాటు తమ 320ని దాటి చాలా పైకి ఎగురుతాయి. అదే క్షణంలో ప్రాసెసర్ కూడా గుంజితే పాత 650 తట్టుకోలేకపోవచ్చు. ఎన్‌విడియా కూడా 3080కి 750 వాట్ల సప్లై పెట్టుకోమనే చెప్పింది.

ఫర్‌మార్క్‌లో లోడు ఒకే ఎత్తులో నిలకడగా ఉంటుంది, ఎగుడుదిగుళ్లు తక్కువ. గేమ్‌లో లోడింగ్ స్క్రీన్ అయిపోయి సీన్ తెరుచుకోగానే లోడు అడుగు నుంచి పైకి లేస్తుంది. చాలామందికి సరిగ్గా అక్కడే పోతుంది. ఫర్‌మార్క్ పాసై గేమ్‌లో పోవడంలో వింతేమీ లేదు.

డాలస్_డెవ్
లక్ష్మి గారు చెప్పిన ఈ ఎగుళ్ల గోల వల్లే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0లో, సప్లై తన రేటింగుకి రెట్టింపు లోడుని 100 మైక్రోసెకన్ల పాటు మోయాలని పెట్టారు. 650 అని రాసున్న పాత డబ్బా, 650 అని రాసున్న కొత్త డబ్బా ఒకటి కావు.

ఫ్రేమ్‌రేట్_ఫణి
మరి హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాగ్‌లో 12 వోల్టులు 12.1 దగ్గరే ఉంటే ఏమంటారు? మా ఫ్రెండ్‌కి అలాగే చూపించేది.

సోల్డరింగ్_శీను
అది మామూలుగా రెండు సెకన్లకోసారి చదువుతుంది. మిల్లీసెకన్‌లో కుంగి లేచిన వోల్టేజీ దానికెలా దొరుకుతుంది? ఆసిలోస్కోప్ పెడితే దొరుకుతుంది, ఇళ్లల్లో ఉండదు. అందుకే వేరే దారి.

@గోదారి_గేమర్, రెండు పనులు చెప్తా, రెండూ కలిపి చెయ్యకు, ఒకదాని తర్వాత ఒకటి. మొదట కార్డుకి రెండు వేర్వేరు కేబుళ్లు పెట్టు, పవర్ సప్లై దగ్గర్నుంచే విడివిడిగా. ఇప్పుడు మదర్‌బోర్డు స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లు పోను మిగతాదంతా ఆ ఒక్క కేబులే మోస్తోంది. దానితో ఆడి చూడు. అప్పటికీ వస్తే కార్డు సెట్టింగ్స్ మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి దించి, గేమ్‌లో 60 ఫ్రేమ్‌ల లిమిట్ పెట్టు.

వరంగల్_వారియర్
14వ తరం ఇంటెల్ ప్రాసెసర్లకి కూడా ఇలా అవుతుందని విన్నా, అదేమైనా?

సోల్డరింగ్_శీను
ఆ సమస్య 13, 14 తరాల కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లది. వోల్టేజీ ఎక్కువై చిప్ పాడవుతోందని ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. అవి వాడేవాళ్లు బయోస్ అప్‌డేట్ చేసుకోండి. ఇతనిది రైజెన్, దీనికి వర్తించదు.

గోదారి_గేమర్
అప్‌డేట్. రెండు కేబుళ్లు పెట్టాక తేడా వచ్చింది, కానీ పూర్తిగా పోలేదు. ఇదివరకటి కంటే చాలాసేపు ఆడాక వచ్చింది. తర్వాత 70 శాతం, 60 ఫ్రేమ్‌లు పెట్టా. శని, ఆదివారాలు మొత్తం ఆడా, ఒక్కసారి కూడా రాలేదు!! కార్డు 220 వాట్ల దగ్గరే తిరుగుతోంది. గేమ్ చూడ్డానికి పెద్ద తేడా కూడా లేదు. పవర్ సప్లై కొనెయ్యనా?

లక్ష్మీ_బిల్డ్స్
ఒక్క నిమిషం. పవర్ తగ్గిస్తే పోయింది కాబట్టి పవర్ వైపు సమస్య అన్నంతవరకే తేలింది. సప్లై బలహీనంగా ఉన్నా ఇలాగే ఉంటుంది, కార్డు మీది పవర్ సర్క్యూట్ దెబ్బతిన్నా ఇలాగే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కార్డు కదా. డబ్బులు పెట్టేముందు తెలిసినవాళ్ల దగ్గర 850 సప్లై ఒక పూట అడిగి తెచ్చి, పవర్ లిమిట్ మళ్లీ 100కి పెట్టి చూడండి.

ఫ్రేమ్‌రేట్_ఫణి
లేదా అసలేమీ కొనకుండా కార్డుకి వోల్టేజీ తగ్గించి, అంటే అండర్‌వోల్ట్ చేసుకుని ఇలాగే ఆడుకోవచ్చు కదా. 850 మిల్లీవోల్టుల దగ్గర 1800 మెగాహెర్ట్జ్ చాలామంది 3080 వాళ్లు పెట్టుకునేదే. వేడి తగ్గుతుంది, ఆ 102 కూడా దిగుతుంది. మా ఇంట్లో ఎండాకాలం అలాగే నడుపుతా.

సోల్డరింగ్_శీను
అండర్‌వోల్ట్ మంచిదే, నేనూ చేస్తా. కానీ కుంగిపోతున్న సప్లైని దాంతో కప్పిపెడితే అది రేపు ఇంకా ముసలిదై 220కే చేతులెత్తేస్తుంది. ముందు ఏం చెడిందో మనిషికి తెలియాలి.

ఓల్డ్_అసెంబ్లర్
బాబూ, వేరేవాళ్ల సప్లై తెచ్చి పెట్టేటప్పుడు ఒక్క మాట, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. కేబుళ్లు కూడా దానివే వాడు. బోర్డుకి ఎలాగూ తగిలించి ఉన్నాయి కదా అని పాత కేబుళ్లే కొత్త సప్లైకి గుచ్చకు. సప్లై నుంచి ఊడదీయగలిగే మాడ్యులర్ కేబుళ్లలో పీసీ వైపు కొస అందరిదీ ఒకటే, సప్లై వైపు పిన్నుల వరస కంపెనీకొక రకం, ఒకే కంపెనీలో కూడా మోడల్‌ని బట్టి మారుతుంది. సరిగ్గా పడుతుంది, క్లిక్ మంటుంది, స్విచ్ వేయగానే 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళ్తుంది. హార్డ్ డిస్కులు అలా కాలిపోయి, పెళ్లి ఫొటోలన్నీ పోగొట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి ఏడ్చినవాళ్లని చూశాను.

సప్లైని విప్పి లోపల దుమ్ము దులపాలనీ ఎవరూ చూడకండి. ప్లగ్గు పీకినా లోపల కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు ఉండొచ్చు.

కూకట్‌పల్లి_కుర్రాడు
ఎర్తింగ్ గురించి ఎవరూ అనలేదు. మా అద్దె ఇంట్లో క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనేది. చూస్తే సాకెట్‌లో ఎర్త్ పిన్ను వెనకాల వైరే లేదు. రీస్టార్ట్‌లకి అదే కారణమేమో?

ఓల్డ్_అసెంబ్లర్
ఎర్త్ లేకపోతే సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీద మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజీ తేలుతుంది, కరెంటు మాత్రం చాలా తక్కువ. ఆ జివ్వు అదే. ఇలాంటి రీస్టార్ట్‌లకి అది కారణమవడం అరుదు, కానీ మనిషికి ప్రమాదం. ఓనర్‌తో గొడవపడైనా వేయించుకో నాయనా.

గోదారి_గేమర్
ఆఫీసులో కొలీగ్ దగ్గర 850 గోల్డ్ దొరికింది. పాత కేబుళ్లన్నీ ఊడదీసి దానివే వేశా (ఓల్డ్_అసెంబ్లర్ సార్‌కి దండాలు, నేను సరిగ్గా పాతవాటితోనే పెట్టబోతున్నా). పవర్ లిమిట్ 100, ఫ్రేమ్ లిమిట్ తీసేశా, రే ట్రేసింగ్ ఆన్. గేమ్‌లోని నైట్ సిటీలో జనం కిటకిటలాడే సందుల్లో తిరిగా, కావాలని సేవ్ ఫైళ్లు మళ్లీ మళ్లీ లోడ్ చేశా. నాలుగు రోజులైంది, చెక్కుచెదరలేదు. మళ్లీ నా 650 పెట్టి చూస్తే మొదటి సాయంత్రమే టిక్. కార్డు బాగానే ఉంది!

బోరుమోటార్
శుభం. ఇప్పుడు కొనేది 100-240 ఉండేలా చూసుకో.

లక్ష్మీ_బిల్డ్స్
బ్రాంజ్, గోల్డ్ అనేవి ఎంత కరెంటు వేస్టు కాకుండా మారుస్తుందో చెప్తాయి. లోపలి సరుకు ఎంత గట్టిదో వాటిలో ఉండదు. కంపెనీ ఎన్నేళ్ల వారంటీ ఇస్తోంది, ఆ మోడల్‌ని ఎవరైనా పరికరాలు పెట్టి పరీక్షించారా అన్నది చూడండి. ఏడేళ్లు, పదేళ్లు ఇచ్చేవి ఉన్నాయి. 850 ఏటీఎక్స్ 3.0 దొరికితే మళ్లీ కార్డు మార్చినా చాలావరకు దాన్ని మార్చక్కర్లేదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
హైదరాబాద్ వచ్చే పని ఉంటే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో నాలుగు షాపులు తిరిగి రేటు అడుగు. ఆన్‌లైన్ రేటు ఫోన్‌లో తెరిచి చేతిలో పెట్టుకో. సీల్ ఉన్న డబ్బా, జీఎస్టీ బిల్లు లేకుండా తీసుకోకు.

వరంగల్_వారియర్
నేను ఫార్మాట్ కొట్టమంటే కొట్టలేదు, చూశావా, గేమ్ సేవ్‌లు మిగిలాయి 😀 మరి ఆ పాత 650 ఏం చేస్తున్నావ్? అమ్మేస్తావా?

గోదారి_గేమర్
అమ్మను బ్రో, తెలిసి తెలిసి ఇంకొకరికి అంటగట్టలేను. కార్డు లేని పాత పీసీ ఒకటి ఉంది, ఊళ్లో నాన్నగారికి టీవీకి పెట్టి ఇద్దామనుకుంటున్నా. దానికి వంద వాట్లు కూడా పట్టదు.

ఓల్డ్_అసెంబ్లర్
వంద వాట్లకి నడవొచ్చు. కానీ దాని స్టిక్కర్ మీద 200-240 అన్నావుగా. మీ ఊళ్లో సాయంత్రం పూట మీటర్ పెట్టి చూడు, 200 కంటే కిందికి పడుతుంటే అక్కడ పెట్టకు. పైగా ఆ టిక్ చప్పుడు చేసే డబ్బా పెద్దాయన గదిలో రాత్రంతా ప్లగ్గుకి ఉండటం నాకిష్టం లేదు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చెయ్, ఆయనకి చిన్న 450 కొత్తది కొనిపెట్టు.